నార్మలక్క ట్యూబులో చుక్కలు

నా పని సూదులు గుచ్చడం. ముప్పై రెండేళ్ళుగా అదే పని. నిన్న పుట్టిన పసిగుడ్డు మొదలుకొని తొంభై దాటిన ముసలాయన దాకా నా చేతికి దొరకని నరం లేదు. నాకు కోపం ఎక్కువని పేరు, అది నిజమే. కానీ నా సూది నొప్పెట్టిందని ఎవర్నైనా అనమనండి చూద్దాం! ఆసుపత్రిలో చిన్నా పెద్దా అందరూ నన్ను బాబాయ్ అనే పిలుస్తారు. సరే, ఇప్పుడు చెప్పేది ఈ బాబాయ్ సంగతి కాదు. నా పక్క గదిలో మెషిను ముందు కూర్చునే ఆవిడ సంగతి. ఆవిణ్ణి అందరూ నార్మలక్క అంటారు.

ఆ పేరెలా వచ్చిందో ముందు చెప్పాలి, లేకపోతే మిగతాది తలకెక్కదు. మా ల్యాబ్‌లో రోగుల రక్తంలోని తెల్లకణాలు లెక్కపెడతాం. రక్తానికి రంగుల మందులు కలిపి మెషినుకిస్తే, అది కణాలను ఒక్కొక్కటిగా లేజరు వెలుతురు ముందునుంచి పంపిస్తుంది. కణానికొక చుక్క చొప్పున తెర మీద పడుతుంది. ఒకే జాతివన్నీ ఒకచోట గుంపుగా చేరతాయి. ఆ గుంపు చుట్టూ గీత గీసి లోపల ఎన్నున్నాయో చూసుకోవాలి. ఆ గీతని గేటు అంటారు. అయితే రంగు సరిగ్గా అంటిందో లేదో తెలిసేదెలా? అందుకని రోగుల ట్యూబులతో పాటు ఆరోగ్యంగా ఉన్న మనిషి ట్యూబు ఒకటి నడపాలి. దాన్నే నార్మల్ ట్యూబు అంటాం. అది బాగా వస్తే మిగతావాటిని నమ్మొచ్చు.

మరి ఆ ఆరోగ్యవంతుణ్ణి ఎక్కణ్ణుంచి తేవాలి? రోడ్డు మీద పోయేవాణ్ణి ఆపి చెయ్యి చాపమంటే ఊరుకుంటాడా? ల్యాబ్‌లో పనిచేసేవాళ్ళే ఇచ్చుకోవాలి. నాకేమో షుగరు. మా పెద్ద మేడం, అంటే ల్యాబ్ డాక్టరమ్మ, ఊరందరికీ రక్తపరీక్షలు రాస్తుంది గానీ తనకి సూది చూపిస్తే కళ్ళు తేలేస్తుంది. ఇక మిగిలింది పక్క గదిలో ఈవిడే. "జలుబు చేసిందని నేను ఒక్కరోజు సెలవు పెట్టానా? రిజిస్టరు తియ్యండి!" అని మా అందరి మీదా సవాలు విసిరేది. వారానికి రెండుసార్లు, పదకొండేళ్ళపాటు ఆవిడ ఎడమచేతి నరం నాదే. ఊదారంగు మూత ట్యూబు మీద పేరు రాయక్కర్లేదు, 'నార్మల్' అని రాస్తే చాలు. అలా మనిషి పేరే నార్మలక్క అయిపోయింది.

ఆవిడ పంతొమ్మిదో ఏట గాజు సామాను కడగడానికి ఈ ల్యాబ్‌లో చేరింది. కడుగుతూ కడుగుతూనే చదువుకుంది, పరీక్షలు రాసింది, చివరికి మెషిను కుర్చీ ఎక్కింది. భర్త ఎప్పుడో వేరే దారి చూసుకున్నాడు. ఆ సంగతి ఆవిడ చెప్పదు, మనం అడగం. ఉన్నది ఒక్కతే కూతురు. తనకి తోబుట్టువులు లేరు. తండ్రి నలభై నాలుగో ఏట ఊపిరితిత్తుల్లో నెమ్ము చేసి పోయాడట. "మా నాన్నకి ఏ రోగమూ ఉండేది కాదు బాబాయ్, ఉన్నట్టుండి పోయాడు" అనేది. ఇప్పుడు ఆవిడకి నలభై రెండు. చేతివేళ్ళ నిండా పులిపిర్లు. గ్లవ్స్ తీసినప్పుడల్లా నేను వెక్కిరించేవాణ్ణి. "వాటిక్కూడా హాజరు వెయ్యాలేమో కనుక్కో అమ్మాయ్" అంటే, "మీ నోటిక్కూడా గ్లవ్ తొడగాలి" అని కసిరేది.

ఇలా ఉండగా కొత్త పరీక్ష వచ్చింది.

అంతదాకా మేం లెక్కపెట్టింది ప్రధానంగా ఒకే జాతి తెల్లకణాలు. ఆ గుంపు చుట్టూ గేటు గీసుకుని, తెరలో మిగతా భాగం వైపు కన్నెత్తి కూడా చూసేవాళ్ళం కాదు. ఇప్పుడు మేడం డెండ్రిటిక్ కణాలు లెక్కపెట్టాలంది. మాటిమాటికీ జబ్బుపడే పిల్లల్లో ఇవి ఉన్నాయో లేవో చూడాలట. బల్ల దగ్గర మమ్మల్ని కూర్చోబెట్టి తెల్లబోర్డు మీద బొమ్మ గీసింది. చుట్టూ కొమ్మలు చాచుకున్న ఒక కణం.

"ఇవి పోట్లాడేవి కాదు. ఒంట్లో తిరుగుతూ ఉంటాయి. ఎక్కడైనా క్రిమి కనిపిస్తే దాని ముక్క పట్టుకెళ్ళి మిగతావాటికి చూపిస్తాయి. అదిగో, వీడొచ్చాడు, వీడి సంగతి చూడండి, అని."

"అంటే చాడీలు చెప్పేవన్నమాట" అన్నాను.

"చాడీలే అనుకో బాబాయ్. కానీ అందరిదీ ఒకే చాడీ కాదు. ఒక రకం ఉంది, చాలా తక్కువ. అది చంపే కణాల దగ్గరికే వెళ్ళి చెప్తుంది. రెండో రకం కాస్త ఎక్కువ ఉంటుంది, అది సాయం చేసే కణాలని లేపుతుంది. మూడోది గుండ్రంగా ఉంటుంది, రక్తంలో చూస్తే కొమ్మలే కనబడవు. వైరస్ తగిలిందా, ఒళ్ళంతా వినపడేలా అరుస్తుంది. ఇవి కాక చర్మంలో కాపురం ఉండేవి వేరే. అవి పుట్టినప్పట్నుంచీ అక్కడే ఉండి అక్కడే పిల్లల్ని పెట్టుకుంటాయి. వాటికి ఎముక మూలుగతో పెద్దగా పనిలేదు. మనకి రక్తంలోవే దొరుకుతాయి. అవీ వెయ్యి తెల్లకణాల్లో నాలుగో అయిదో."

నార్మలక్క పులిపిర్ల చేత్తో నోటుపుస్తకంలో అన్నీ రాసుకుంది. మూడు రకాలకి మూడు రంగులు, మూడు గేట్లు. ఆవిడ రాసిందంటే ఇక తిరుగులేదు.

రోగుల ట్యూబులు పెట్టేముందు నార్మల్ ట్యూబుతో పరీక్ష సరిగ్గా పనిచేస్తోందని తేల్చుకోవాలి. సోమవారం నేను రక్తం తీసిచ్చాను. మధ్యాహ్నానికి పక్కగదిలోంచి గొణుగుడు వినిపించింది. వెళ్ళి చూస్తే మూడు గేట్లూ ఖాళీ. పొరపాటున పడ్డట్టు అక్కడో చుక్క, ఇక్కడో చుక్క.

"మందు వెయ్యడం మర్చిపోయానేమో" అంది. మర్చిపోయే మనిషి కాదు, అయినా అలాగే అనుకుంది. మర్నాడు మళ్ళీ తీశాను. మళ్ళీ ఖాళీ. దార్లో ఎండకి మందు పాడైందని కంపెనీ వాళ్ళకి ఫోన్ చేశారు. కొత్త డబ్బా వచ్చింది. ఖాళీ. మెకానిక్కు వచ్చి లేజరు తుడిచి వెళ్ళాడు. ఖాళీ. రెండు వారాల్లో ఏడుసార్లు గుచ్చాను. మోచేతి మడతలో చర్మం కమిలి నల్లబడింది.

ఎనిమిదోసారి చెయ్యి చాపేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇది చెయ్యా, జల్లెడా? ఆ కంపెనీ వాణ్ణి పిలిచి వాడి చేతికి గుచ్చుతాను, రమ్మను!"

ఆ రోజు మేడం కూడా విసిగిపోయింది. "గేటు కొంచెం కిందికి జరుపు. రంగు పలచగా అంటుతోందేమో. అక్కడ చుక్కలున్నాయిగా" అంది.

నార్మలక్క మౌస్ పట్టుకుని గీతని కిందికి లాగింది. అంకె వచ్చింది, ముచ్చటగా వెయ్యికి అయిదు. పుస్తకంలో రాసినంతే. ఆవిడ కాసేపు దాన్నే చూసి, గీతని మళ్ళీ పైకి తోసేసింది.

"ఇది చెత్త మేడం. చచ్చిన కణాలు. వీటిని లెక్కేసుకుంటే రేపు ఏమీ లేని పిల్లాడిక్కూడా అన్నీ ఉన్నాయని రాసిచ్చేస్తాం."

నాకైతే నార్మలక్క మీద గౌరవం పెరిగింది, కానీ పైకి చెప్పలేదు. చెప్పుంటే బాగుండేది.

చొక్కా చెయ్యి మడిచి ఆవిడ ముందు కూర్చున్నాను. "నా రక్తం తియ్యి. షుగరుంటే ఉంది, తియ్యగా వస్తుంది. ముందు నీ చేతిని వదిలెయ్యి." ఆవిడ నవ్వుతూనే తీసింది. రంగులు కలిపి, గంటసేపు ఆగి, మెషినుకిచ్చింది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

చుక్కలు పడ్డాయి. మొదటి గేటులో పది, పన్నెండు. రెండోదాంట్లో జలజలమని. మూడోదాంట్లో గుండ్రంగా ఒక గుంపు. మేడం గీసిన బొమ్మలో ఎక్కడ ఏది ఉండాలో అచ్చం అక్కడే.

"హమ్మయ్య! పనిచేస్తోంది!" అని నేను చప్పట్లు కొట్టాను. బుద్ధి ఉన్నవాడెవడైనా ఆ క్షణంలో చప్పట్లు కొడతాడా? నాకు వెలగలేదు. ఆవిడకి వెలిగింది. మందు మంచిదే. మెషిను మంచిదే. ఇక మిగిలిందేమిటి?

ఆవిడ ముఖాన నెత్తురు చుక్క లేదు. "ట్యూబులు మారిపోయి ఉంటాయి బాబాయ్" అంది. లేచి, ఇద్దరి రక్తం మళ్ళీ తీయించి, ఈసారి మూతల మీద పెద్దక్షరాలతో పేర్లు రాసి, మళ్ళీ నడిపింది. నావి ఉన్నాయి. ఆవిడవి లేవు.

మేడం వచ్చింది. పాత ఫైళ్ళు తియ్యమంది. మెషిను దేన్నీ పారెయ్యదు. పదకొండేళ్ళ నార్మల్ ట్యూబులు తారీఖులతో సహా అందులోనే ఉన్నాయి. ఇన్నాళ్ళూ మేం గేటు గీసుకున్న గుంపు మాత్రమే చూశాం కదా, ఇప్పుడు దాని పక్కన ఖాళీ వదిలేసిన చోటు చూశాం. అక్కడ మోనోసైట్లు అనే కణాల గుంపుండాలి. అవీ డెండ్రిటిక్ కణాలకి దగ్గరి చుట్టాలేనట. మొదటి ఏడాది ఫైల్లో గుంపు నిండుగా ఉంది. అయిదో ఏడాదికి పలచబడింది. ఎనిమిదో ఏడాదికి వేళ్ళ మీద లెక్కపెట్టేలా ఉంది. గత రెండేళ్ళుగా అక్కడ ఏమీ లేదు. ఒక్కో ఫైలు నార్మలక్కే తెరిచింది. నేను కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను.

ఆ ట్యూబుకి రక్తం తీసింది నేను. వారానికి రెండుసార్లు.

మేడం ఆవిడ చేతులు పట్టుకుని పులిపిర్లు చూసింది. తండ్రి ఎలా పోయాడో అడిగింది. కుర్చీ దగ్గరికి జరుపుకుని నెమ్మదిగా చెప్పింది. రక్తం తయారయ్యే చోట, అంటే ఎముక మూలుగలో, ఒక జన్యువులో తప్పుంటే ఇలా అవుతుంది. కబురు చేరవేసేవి లేవు కాబట్టి పులిపిరి తెచ్చే వైరస్ సంగతి ఒంటికి తెలియడం లేదు. ఇవాళ పులిపిరి, రేపు ఇంకేదైనా. కొందరికి ఒక కాలు వాస్తుంది కూడా. ముదిరితే రక్తం క్యాన్సర్‌లోకి కూడా దిగొచ్చు. తండ్రి నుంచి వచ్చి ఉండొచ్చు.

"మందుందా?"

"మూలుగ మార్పిడి. వేరేవాళ్ళ మూలుగ సరిపోవాలి. పదిమందిలో ఎనిమిదిమంది బాగానే బయటపడతారు."

"మిగతా ఇద్దరు?"

మేడం ఆ మాట దాటేసి, "మీ పాపకి కూడా పరీక్ష చేద్దాం" అంది.

"దానికేం లేదు" అంది నార్మలక్క. అంతే. లేచి వెళ్ళి మెషిను తుడవడం మొదలుపెట్టింది.

రెండు నెలలు అదే పాట. మాసిపోయిన మాస్కు ఒకటి కట్టుకుని పనికొచ్చేది. గుండె రాయి చేసుకుని రోగుల ట్యూబులు నడిపేది. నార్మల్ ట్యూబుకి పై అంతస్తులో నర్సమ్మ రక్తం ఇస్తోంది. మూలుగ ఇచ్చేవాళ్ళ జాబితాలో సరిపోయే మనిషి ఒకరు దొరికారని కబురొచ్చినా ఆవిడలో చలనం లేదు.

"నాకు జ్వరమైనా లేదు కదా బాబాయ్. బాగున్న మనిషిని అద్దాల గదిలో పడుకోబెట్టి ఉన్న మూలుగంతా చంపేస్తారట. ఆ ఇద్దర్లో నేనొకదాన్నైతే? దానికెవరున్నారు?"

"మరి పిల్లకి పరీక్ష?"

"దాని జోలికి రాకండి."

నేనేమో ఊరుకోలేని మనిషిని. రోజూ చెవినిల్లు కట్టుకుని పోరాను. "నీ కళ్ళతో నువ్వే ఫైళ్ళు చూశావు, ఇంకా తలుపులేసుక్కూచుంటే ఎలా?" అని అరిచాను. ఆవిడ అరవలేదు. "తెలిస్తే ఏం చేస్తాను బాబాయ్? ఇప్పుడు రాత్రి దాన్ని చూసి నిద్రపోగలుగుతున్నాను. ఆ ఒక్కటీ మిగలనివ్వండి" అంది. అయినా నా కోపం పోలేదు.

ఆ పిల్ల పొద్దున ఇంటి ప్లాన్లు గీసే చదువు చదువుతుంది, సాయంత్రం చెప్పుల షాపులో పనిచేస్తుంది. పందొమ్మిదేళ్ళు. ఒక శనివారం నేను ఆ షాపుకి వెళ్ళాను. నాకు చెప్పులు కావలసిన మాట నిజం. కానీ అందుకే వెళ్ళానంటే అబద్ధం.

"తాతయ్యా! మీ పాదం పడవంత ఉంది, దీనికి సైజు లేదు" అంటూ నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పట్టీ బిగిస్తున్న వేళ్ళ మీద చిన్న చిన్న పులిపిర్లు, నాలుగు. లేచి నిలబడితే ఎడమకాలి మడమ పైన వాపు. సాక్సు అంచు లోతుగా దిగి ఉంది.

"కాలికేమైందమ్మా?"

"నిలబడి నిలబడి. అమ్మ రోజూ తిడుతుంది, ఎత్తు దిండు మీద పెట్టుకోమంటుంది. ఒక కాలే వాస్తుంది, అదేం చోద్యమో!"

నేను మాట్లాడకుండా ఊరుకోవాల్సింది. ఎవరి రక్తంలో ఏముందో బయట చెప్పకూడదన్నది మా పనిలో మొదటి పాఠం. చెప్పలేదు కూడా. కానీ వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "ఒకసారి మీ అమ్మ పనిచేసే చోటికి రా తల్లీ" అన్నాను. ఆ గొంతు విని ఎవరికి అనుమానం రాదు?

సోమవారం పొద్దున్నే వచ్చేసింది. తిన్నగా మెషిను గదిలోకి నడిచి, "అమ్మా, నువ్వు మాస్కు ఎందుకు పెట్టుకుంటున్నావ్? తాతయ్య నన్నెందుకు రమ్మన్నాడు?" అంది.

నార్మలక్క నా వైపు చూసింది. ఆ చూపు మళ్ళీ నా మీద పడకూడదని దణ్ణం పెట్టుకుంటున్నాను. తర్వాత కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని అంతా చెప్పింది. ఒక్క మాట దాచలేదు, పదిమందిలో ఇద్దరితో సహా. పిల్ల విన్నంతసేపు విని, చొక్కా చెయ్యి మడిచి నా వైపు చాపింది. అచ్చం వాళ్ళమ్మ నరమే, చర్మం కింద నీలంగా.

సొంతవాళ్ళ ట్యూబు ఎవరూ నడపకూడదన్నది రూలు. మేడం తనే కుర్చీలో కూర్చుంది. కానీ ఆవిడ ఆ మెషిను ముట్టుకుని ఆరేళ్ళయింది. ఒక బటన్ నొక్కితే తెర ఆరిపోయింది, ఇంకోటి నొక్కితే కుయ్యోమని అలారం మోగింది. పిల్ల ఫక్కున నవ్వింది. "జరగండి మేడం" అని నార్మలక్క ఆవిణ్ణి లేపేసి తనే కూర్చుంది.

వెయ్యికి నాలుగైదు ఉండే కణాలు ఒక్కసారిగా కనబడవు. వేల కణాలు పోతుంటే ఆగి ఆగి ఒక చుక్క పడాలి. రెండువేలు అయ్యాయి. మూడు గేట్లూ ఖాళీ. మూడువేలు. ఖాళీ. ఆవిడ చెయ్యి స్టాప్ బటన్ మీదికి పోయింది. "వద్దు" అంది తనలో తనే. నేను ఆ చేతిని పట్టుకుని పక్కకి తీశాను. అప్పుడు రెండో గేటులో ఒక చుక్క పడింది. ఇంకోటి. గుండ్రటివి వరసగా అయిదు. అన్నిటికన్నా తక్కువుండే మొదటి రకం కోసం ఎదురుచూశాం. ముప్పైవేలు దాటాక అదీ వచ్చింది, ఒంటరిగా, గేటు మధ్యలో. చివరికి మూడు గుంపులూ నిలబడ్డాయి.

పిల్ల ఎగిరి గంతేసింది. మేడం కళ్ళు తుడుచుకుంది. నేను టీ తెప్పిస్తానని బయటికి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి నార్మలక్క తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టుకుని కూర్చుంది. ఒకటి కూతురిది. ఇంకోటి పదకొండేళ్ళ కిందటి తనది.

"అప్పుడు నాకూ ఉన్నాయి మేడం. తర్వాతే పోయాయి" అంది.

ఇక జన్యుపరీక్ష తప్పలేదు. ఫలితానికి అయిదు వారాలన్నారు. ఆ అయిదు వారాలూ ఆవిడ నాతో మాట్లాడలేదు. నేనూ పలకరించడానికి జంకాను. ఇద్దరం పక్కపక్క గదుల్లో కూర్చుని ఫోన్ మోగితే ఉలిక్కిపడేవాళ్ళం. ఆవిడ చిక్కిపోయింది. ట్యూబు మీద రోగి పేరు రెండుసార్లు చదివి, నమ్మకం లేక మూడోసారి చదివేది. ఒకరోజు కూతురు దగ్గిందని పని మధ్యలో ఇంటికి పరిగెత్తి, వట్టి పొలమారడమని తెలిసి తిరిగొచ్చింది. నేను మాత్రం తీరుబడిగా ఉన్నానా? ఆ పిల్లని పిలిచిన పాపం నాది కదా. ఒక చంటిపిల్లాడికి నరం దొరక్క రెండుసార్లు గుచ్చాను. ముప్పై రెండేళ్ళలో అది మొదటిసారి.

అయిదో వారం మేడం ఇద్దర్నీ గదిలోకి పిలిచింది. వెళ్తూ వెళ్తూ పిల్ల నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. "తాతయ్య కూడా ఉండాలి, తెచ్చిపెట్టింది ఆయనేగా" అంది. వెక్కిరింతో అభిమానమో నాకర్థం కాలేదు.

మేడం కాగితం బల్ల మీద పెట్టింది.

"ఇద్దరికీ జన్యువులో అదే తప్పు" అంది. "కానీ పాపకి ఇప్పుడు అన్ని కణాలూ ఉన్నాయి. ఏటా చూసుకుంటూ ఉంటాం. తగ్గడం మొదలైతే అప్పుడు మార్పిడి. అయిదేళ్ళు పట్టొచ్చు, ఇరవై పట్టొచ్చు. తెలిసిపోయింది కాబట్టి మనమే ముందుంటాం."

నేను నార్మలక్క కూలబడుతుందనుకున్నాను. పట్టుకోవడానికి ఒక అడుగు ముందుకేశాను కూడా. పిల్ల బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడింది. పెదవులు తెల్లగా పాలిపోయాయి.

"నాకూ మూలుగంతా తీసేస్తారా? ఆ అద్దాల గదిలో పెడతారా?" అని అడిగింది. పందొమ్మిదేళ్ళ పిల్ల గొంతు కాదది, నాలుగేళ్ళ పిల్ల గొంతు.

నార్మలక్క మాస్కు సర్దుకుంది. "మేడం, నాకు మూలుగ ఇస్తామన్న మనిషి ఇంకా ఉన్నారా?"

"ఉన్నారు. కానీ నువ్వు..."

"సంతకం ఎక్కడ పెట్టాలి?"

"తొందరేం లేదమ్మా. ఇవాళ ఇంటికెళ్ళి ఆలోచించుకో. ఇంత పెద్ద విషయం ఈ పూట..."

"మీకు తొందర లేదేమో, నాకుంది" అంది ఆవిడ. "దీని వంతు వచ్చేసరికి నేను ఆ గదిలోకెళ్ళి బయటికొచ్చి, వంటచేస్తూ, తిడుతూ, దీని కళ్ళెదురుగా తిరుగుతుండాలి. లేకపోతే ఇది ఎవర్ని చూసి ధైర్యం తెచ్చుకుంటుంది?"

"నా కోసం చెయ్యకమ్మా" అంది పిల్ల ఏడుస్తూ. "నీకిష్టం లేదన్నావు కదా. నీకు భయం కదా."

"భయమే. చచ్చేంత భయం. నీ కోసం కాక మరెవరి కోసం చేస్తానే?"

మేడం సొరుగులోంచి కాగితాలు తీసింది. పెన్ను దొరకలేదు. నా జేబులోది ఇచ్చాను. ఆవిడ ఒక్కో పేజీ తిప్పుతూ, చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. అక్షరం చెదరకుండా తన పూర్తి పేరు రాసింది. ఆ తర్వాత నా వైపు తిరిగి, అయిదు వారాల్లో మొదటిసారి మాట్లాడింది.

"రేపు పొద్దున్నే ఖాళీ కడుపుతో వస్తాను బాబాయ్. మార్పిడి పరీక్షలకి రక్తం మీరే తియ్యాలి. ఇది పక్కనే ఉంటుంది, దీనికి కనబడేలా తియ్యండి."